గణితం చెప్పడానికి వెళ్లిన స్వచ్ఛంద ఉపాధ్యాయురాలు బేకింగ్ క్లబ్ పెట్టవచ్చా?

ప్రశ్న:
అమెరికాలో పుట్టి పెరిగిన మా అమ్మాయి పీస్ కోర్ అనే అమెరికా ప్రభుత్వ స్వచ్ఛంద సేవా సంస్థ తరఫున టాంజానియాలోని ఎంబేయా ప్రాంతంలో ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలలో గణితం బోధిస్తోంది. సాయంత్రాలు విద్యార్థులతో బేకింగ్ క్లబ్ నడుపుతానంటోంది. ఇది అసలు బాధ్యతను పక్కన పెట్టడం కాదా?

మొదటి స్పందన:
అవుననే నా అభిప్రాయం. నాలుగో ఫారం, అంటే మాధ్యమిక విద్యలో నాలుగో ఏడు, చివర ఆ పిల్లలు జాతీయ పరీక్ష రాయాలి. వారికి కావలసింది అదనపు లెక్కల తరగతి. గోధుమల్లో అధిక భాగం ఆ దేశం దిగుమతి చేసుకునేదే కనుక పిండి చవకగా రాదు. ఆమె సొంత డబ్బుతో సరుకులు కొంటే, రెండేళ్ల సేవ ముగిసి ఆమె తిరిగి రాగానే క్లబ్ మూతపడుతుంది. పైగా వంట ఆడపిల్లల పనేనన్న అలవాటును బడి కూడా ఖాయం చేసినట్టవుతుంది.

రెండవ స్పందన:
ఖర్చు గురించి మీరు చెప్పింది నిజమే, కానీ లెక్కలకూ ఈ క్లబ్బుకూ పొంతన లేదనడాన్ని నేను అంగీకరించను. అక్కడ ప్రాథమిక విద్య స్వాహిలిలో, మాధ్యమిక విద్య ఇంగ్లీషులో సాగుతుంది. తరగతిలో తప్పు మాట్లాడతానేమోనని నోరు విప్పని పిల్ల, కప్పు పిండికి ఎంత చక్కెర అని అడగవలసి వచ్చినప్పుడు తప్పక మాట్లాడుతుంది. ఎంబేయా సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, మైదాన ప్రాంతాల కొలతతో బేకింగ్ పౌడర్ వేస్తే కేకు గబగబా పొంగి నడుమ కుంగిపోతుంది. రెండు కొలతలతో రెండు కేకులు చేయించి పిల్లలనే కారణం వెతకమంటే, అంతకు మించిన నిష్పత్తుల పాఠం నాకు తోచడం లేదు.

ఓవెన్ కొనవలసిన పని కూడా లేదు. మన ఇళ్లలో ప్రెషర్ కుక్కరు అడుగున ఇసుక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి కేకు చేసేవారు కదా. అక్కడివారు సుఫూరియా అనే అల్యూమినియం గిన్నెను బొగ్గుల పొయ్యి మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పేర్చి కాలుస్తారు. నిప్పులు కింద తక్కువగా, పైన ఎక్కువగా ఉండాలి. లేకపోతే నడుమ ఉడికేలోపే అడుగు మాడుతుంది. ఈ పనితనం ఊరివారిదే కనుక, మీ అమ్మాయి ఈ ఒక్క విషయంలో విద్యార్థినిగా కూర్చోవడం మంచిది.

ఆడపిల్లల విషయంలో మీ అభ్యంతరానికి జవాబు వంతులు వేయడమే: పిండి కలపడం అబ్బాయిలకూ, జమాఖర్చుల పుస్తకం అమ్మాయిలకూ రావాలి. కేకులకంటే ముందు, విరామ సమయంలో తేలికగా అమ్ముడుపోయే మాండాజీలు (బోండాల్లాంటి తియ్యని పిండివంట) నూనెలో వేయించి అమ్మి, ఆ రాబడితోనే తరువాతి వారం పిండి కొనాలి.

మొదటి స్పందన రాసినవారు:
వంతుల పద్ధతి నాకు నచ్చింది. అయితే బొగ్గు కోసం అడవులు నరుకుతున్న దేశంలో మరో పొయ్యి వెలిగించమనడం న్యాయమా?

రెండవ స్పందన రాసినవారు:
ఆ భారం ఉన్నమాట నిజం. అందుకే వారానికి ఒక్క రోజే పొయ్యి వెలిగించి, ఒకే నిప్పుపై వరుసగా రెండు మూడు గిన్నెలు దించాలంటాను. ప్రశ్న అడిగిన వారికి ఒక మనవి: ఆ గిన్నెలూ గది తాళమూ మొదటి రోజు నుంచే తమ దగ్గర ఉంచుకోవడానికి అక్కడి ఉపాధ్యాయులలో ఎవరు ముందుకు వచ్చారో మీ అమ్మాయిని అడగండి. ఇంకా ఎవరూ లేరంటే, ఈ టర్ముకు క్లబ్ మొదలుపెట్టవద్దని చెప్పండి.