కౌన్సిల్ లేని ఊళ్లలో ఉన్నవాళ్లు చెప్పండి: తేడా ఏమైనా తెలిసిందా?

ఉప్పుగాలి:
2021 మార్చిలో గెలిచిన మా విశాఖ కౌన్సిల్‌కి ఐదేళ్ల గడువు దగ్గరపడినప్పుడు ఆఫీసులో టీ దగ్గర అందరిదీ ఒకటే మాట. "లేకపోతే ఏం పోయింది? 2012 నుంచి 2021 దాకా లేదు కదా, ఊరేమైనా ఆగిపోయిందా?" నాకు ఈ మాట మింగుడు పడట్లేదు. ఆ తొమ్మిదేళ్లలో 2016లో స్మార్ట్ సిటీల మొదటి ఇరవైలో మన పేరు వచ్చింది. ఏ రోడ్డు బాగుచేయాలి, ఏ పార్కు మీద డబ్బు పెట్టాలి అనేవి ఎన్నికైన మనిషి ఒక్కడూ లేకుండానే ఖాయమయ్యాయి. మీ ఊళ్లలో ఎలా ఉందో చెప్పండి. పార్టీ గొడవలొద్దు, దండం పెడతా.

పన్నుకట్టినోడు:
నేను ఆ టీ బ్యాచ్ మనిషినే. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఊరిని ఊడ్చేసినప్పుడు ఒక్క కార్పొరేటర్ లేడు. పడిన చెట్లు తీసింది, కరెంటు తెచ్చింది ఎవరు? అధికారులు, సిబ్బంది, పక్క జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్‌లు. కౌన్సిల్ వచ్చాక మనం చూసిందేంటి? నాలుగేళ్లు నిండగానే 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసం, కార్పొరేటర్లు చేజారకుండా అటూ ఇటూ క్యాంపులకు తరలించడం, 74 మంది బలం చూపించి మేయర్‌ని మార్చడం. వార్డులో కాలువ పూడిక తీయించడానికి అంత పట్టుదల ఎప్పుడైనా చూశారా?

మున్సిపల్_రిటైర్డ్:
తుఫాను సంగతి వేరు బాబూ. అప్పుడు ముఖ్యమంత్రే ఊళ్లో మకాం పెట్టారు. మామూలు రోజుల్లో ఏం జరుగుతుందో చెప్తాను, నేను కౌన్సిల్ సెక్షన్‌లో గుమాస్తాగా చేశాను (ఏ ఊరో అడక్కండి). కౌన్సిల్ ఉంటే ప్రతి పనికీ ఎజెండాలో ఒక అంశం నంబరు పడుతుంది, కింద ఆఫీసు నోటు ఉంటుంది, కాపీ ముందే సభ్యులకు వెళ్తుంది. పత్రికల వాళ్లకీ ఎలాగో చేరుతుంది. కౌన్సిల్ లేనప్పుడు నడిచే ప్రత్యేకాధికారి పాలనలో కూడా అదే కాగితం, అదే నంబరు. కానీ సభ ఉండదు. కమిషనర్ నోటు పెడితే, ప్రత్యేకాధికారిగా ఉన్న కలెక్టరో జాయింట్ కలెక్టరో సంతకం పెడతారు. ఆయనకి జిల్లా అంతా చూసుకోవాలి, మన కల్వర్టు ఫైలు చదివే తీరికేది? అయినా రిజిస్టర్‌లో మాత్రం "చర్చించి ఆమోదించడమైనది" అనే రాస్తాం. ఎవరితో చర్చించారయ్యా అంటే, ఖాళీ కుర్చీలతో!

ఒక్కోసారి ఎనభై అంశాలు ఒక్క మధ్యాహ్నంలో అయిపోయేవి. కౌన్సిల్ ఉన్న రోజుల్లో అదే ఎనభై అంశాలకి అరుపులు, వాకౌట్లు, సాయంత్రం ఏడింటి దాకా కూర్చోవడం. మా ఆఫీసుకి ఏది సుఖమో చెప్పక్కర్లేదు. ఊరికి ఏది మంచిదో మీరే ఆలోచించుకోండి.

సిక్కోలు_బిడ్డ:
తొమ్మిదేళ్లకే అంత గోల పెడతన్నారేటి? మా శ్రీకాకుళంలో పాలకవర్గం గడువు 2010లో అయిపోయింది. 2015లో మున్సిపాలిటీని కార్పొరేషన్ చేసినారు, పేరు బోర్డు మారింది. కార్పొరేషన్‌కి ఎన్నికలు మాత్రం లేవు. మా తమ్ముడికి ఓటొచ్చి ఏళ్లయింది, అసెంబ్లీకి వేసినాడు, పార్లమెంటుకి వేసినాడు, వార్డుకి ఇప్పటిదాకా వెయ్యలేదు. మా వార్డు నంబరెంతరా అంటే వాడికి తెలీదు.

గోదారి_గట్టు:
రాజమహేంద్రవరం కూడా రాసుకోండి. 2019లో కౌన్సిల్ గడువు ముగిసింది, 2021లో చాలా ఊళ్లకు జరిగిన ఎన్నికలు మాకు జరగలేదు. కాకినాడలో 2022 నుంచి అదే పరిస్థితి. ఎవరూ ఎత్తని సంగతి డబ్బు. ఎన్నికైన పాలకవర్గం ఉన్నవాటికే గ్రాంటు అని 14వ ఆర్థిక సంఘం షరతు పెట్టింది. అంటే ఎన్నికలు పెట్టకపోతే ఢిల్లీ నుంచి రావాల్సింది ఆగుతుంది, ఆ లోటు మనమే భరిస్తాం. ఐదేళ్లు నిండేలోపే కొత్త ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం 243-యు అధికరణంలో ఉంది. వార్డుల విభజన, విలీనం, కోర్టు కేసు... ఏదో ఒక సాకు దొరుకుతూనే ఉంటుంది.

రెండోఅంతస్తు:
నేనుండే ఊరి పేరు చెప్పను, చిన్న మున్సిపాలిటీ. కౌన్సిల్ లేనప్పుడు మా వీధిలో సీసీ రోడ్డు వేశారు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే పోసేశాడు కాంట్రాక్టర్. గడపలు రోడ్డుకి జానెడు కిందికి పోయాయి, వానొస్తే నీళ్లన్నీ కింది వాటాలోకే. కింద ఉండే పిన్నిగారు గుమ్మానికి అడ్డంగా సిమెంటు గట్టు కట్టించుకున్నారు, ఇప్పుడు ఆవిడే అది దాటలేక మోకాళ్లు పట్టుకుంటున్నారు. అర్జీ పెడితే "పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది.

కౌన్సిల్ వచ్చాక పక్క వీధిలో రోడ్డు పడింది. ఆ కౌన్సిలర్ గొప్పవాడేం కాదు, ఫ్లెక్సీల పిచ్చి. కానీ ఆడవాళ్లంతా ఆయన ఇంటి ముందు కూర్చుంటే మర్నాడే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్ని) వెంటబెట్టుకొచ్చాడు. పాతది తవ్వాకే కొత్తది పోశారు. మంచితనం కాదండీ, ఓటు భయం. నాకు ఆ భయం చాలు.

పన్నుకట్టినోడు:
సరే, రోడ్డు వరకూ ఒప్పుకుంటా. మరి ఆస్తిపన్ను? లెక్కని అద్దె విలువ నుంచి మూలధన విలువకి, అంటే ఆస్తి ధరకి మార్చారు, ఏడాదికి 15 శాతం దాకా పెరుగుతూ వచ్చింది. చెత్త మీద కూడా నెలనెలా వసూలు చేశారు. ఎన్ని కౌన్సిళ్లు ఆపగలిగాయి?

ఉప్పుగాలి:
ఆపలేవు. అది రాష్ట్రం చేసిన చట్టం, కౌన్సిల్ అరిచి ఊరుకోవాల్సిందే. చెత్త రుసుము కూడా 2024 చివర్లో రాష్ట్రమే తీసేసింది. అంటే కౌన్సిల్‌కి అధికారాలు చాలవని గొడవ చేయాలి గానీ, ఉన్న కౌన్సిలే వద్దంటారేంటి గురువుగారూ? ఇంకోటి, సభ ఉన్నప్పుడూ దొంగ దారులున్నాయి. సమావేశం మొదలయ్యాక టేబుల్ ఎజెండా అని నాలుగు కాగితాలు తెచ్చి పెడతారు, చదివే టైముండదు. మన కంటికి కనపడాల్సింది అది. మనం మాత్రం క్యాంపుల వీడియోలు చూస్తూ కూర్చుంటాం.

సిక్కోలు_బిడ్డ:
రిటైర్డ్ బాబుగారూ, ప్రత్యేకాధికారి తీర్మానాలు మాలాంటోళ్లు చూడొచ్చా?

మున్సిపల్_రిటైర్డ్:
ఎందుకు చూడకూడదు? సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. "అభివృద్ధి పనుల వివరాలు" అని గుండుగుత్తగా రాశారో, తిప్పి పంపిస్తారు. ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ప్రత్యేకాధికారి తీర్మానాల రిజిస్టర్ నకలు కావాలి అని రాయండి. పని జరిగిన వీధి తెలిస్తే దాని ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు కూడా అడగండి. తవ్వకుండానే తవ్వినట్టు కొలతలు రాసుకుంటే అందులోనే దొరుకుతారు.

రెండోఅంతస్తు:
ఎం-బుక్కా! ఇన్నాళ్లూ ఈ ముక్క చెప్పిన నాథుడు లేడు. మా వీధిది సోమవారమే పెడుతున్నా. అర్జీ నమూనా ఉంటే ఇక్కడే పెట్టండి బాబాయిగారూ, తెలుగులోనే.