ఆవకాయ ఫొటోలు ఫోన్‌తో ఎలా తీయాలి?

ప్రశ్న: ఈ ఆదివారం ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. ఫోన్‌లో కారం ఎర్రటి ముద్దలా వస్తుంది, పొడి గరుకుదనం కనిపించదు. ఏం చేయాలి?

జవాబు 1: ఎండలో వద్దండి, వసారా నీడలో బేసిన్ పెట్టించండి. కారం మీద ఫోకస్ పెట్టి ఫోన్ కెమెరాలో వెలుతురు కాస్త తగ్గిస్తే ఆవపిండి పసుపు, కారం ఎరుపు విడివిడిగా తెలుస్తాయి. ముక్కలు కొట్టేటప్పుడు మాత్రం తప్పకుండా తీయండి, కత్తి కింద టెంక చీలి జీడి బయటపడే క్షణం నాకు ప్రాణం.

జవాబు 2: నూనె పోసి కలిపే అమ్మమ్మ చేతులు కూడా! మా ఇంట్లో అలాంటి ఫొటో ఒక్కటీ లేదు, ఇప్పటికీ బాధే.

జవాబు 3: ఆవకాయే కాదు, మామిడి తాండ్ర ఫొటోలూ తీయొచ్చు. మాది గోదావరి దగ్గర ఆత్రేయపురం వైపు. చాపల మీద మామిడి రసం ఒక పొర ఎండాక ఇంకో పొర పోస్తూ తాండ్ర చేస్తారు, పొద్దున్నే ఏటవాలు ఎండలో ఆ అంచులు భలే మెరుస్తాయి. తీసేముందు వాళ్లని అడగండి, పనిలో ఉంటారు కదా.