చీమకుర్తి గ్రానైట్ ఆఫీసు పనికి ఏ ఏఐ టూల్ తీసుకోమంటారు?

అందరికీ నమస్కారం. చీమకుర్తిలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూస్తాను.

యార్డులో సూపర్‌వైజర్ గారు బ్లాక్ (రాతి దిమ్మ) నంబరు, స్లాబ్ (కోసిన పలక) నంబరు, పొడవు, ఎత్తు చేత్తో రాసి, ఆ కాగితం ఫోటో వాట్సాప్‌లో పెడతారు. దాన్ని ఎక్సెల్‌లో కొట్టి, చదరపు మీటర్లు లెక్కగట్టి ప్యాకింగ్ లిస్టు చెయ్యాలి. మళ్ళీ అవే అంకెలు అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఎక్కించాలి. లోడు బయల్దేరే రోజు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ పత్రం) టెన్షన్ వేరే.

ఒక ఏఐ టూల్‌కి ఫోటో ఇచ్చి చూశాం. పట్టిక నిమిషంలో చేసిచ్చింది. కానీ 187 అని రాసినదాన్ని 181 అని చదివింది! 7కి అడ్డగీత పెట్టి రాయమన్నాక కొంత మెరుగైంది. అయినా కొలత తప్పితే పార్టీ (కొనేవాళ్ళ) దగ్గర మాట పోతుంది, గుడ్డిగా నమ్మలేం.

మా మెయిల్, డ్రైవ్ అంతా గూగుల్‌లోనే ఉన్నాయి. అలాంటప్పుడు గూగుల్ ఏఐ జెమినై సరిపోతుందా, ఎక్సెల్ కోసం మైక్రోసాఫ్ట్ ఏఐ కోపైలట్ కూడా తీసుకోవాలా? ఒక యాప్‌లోని వివరాలు ఇంకో యాప్‌లోకి వాటంతటవే వెళ్ళే ఆటోమేషన్‌కి జాపియర్ అనే సర్వీసు సులువే గానీ టాస్కుల లెక్కన డబ్బు కట్టాలి, మాకేమో రోజూ బోలెడు వరుసలు. అలాంటిదే ఎన్8ఎన్ (n8n) సొంత సర్వర్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, కానీ దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి మా దగ్గర లేడు. ట్యాలీ కొత్త రూపం ట్యాలీప్రైమ్‌లో 4.0 వెర్షన్ నుంచి ఎక్సెల్ నేరుగా దిగుమతి అవుతుంది కాబట్టి, ఆ ముక్కకి అసలు ఏఐ అక్కర్లేదనే నా అభిప్రాయం.

చేతిరాత కొలతలు చదివించి, అనుమానం ఉన్న అంకెను మాత్రం మనిషికి చూపించేలా పెట్టుకున్నవాళ్ళు ఉంటే ఎలా చేశారో దయచేసి చెప్పండి. పార్టీల పేర్లు, రేట్లు ఉన్న షీట్లు ఇచ్చేటప్పుడు ఏ ప్లాన్ అయితే క్షేమమో కూడా చెప్పగలరు.