దాదాపు 30 ఏళ్లుగా బండ్లు నడుపుతున్నాను. మొదటిసారి ఇటాలియన్ బండి కొన్నాను, సెకండ్ హ్యాండ్ డుకాటి స్క్రాంబ్లర్. ఇవన్నీ మామూలేనా?

కరకట్ట_రైడర్ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం 2016 డుకాటి స్క్రాంబ్లర్ ఐకాన్ తీసుకున్నాను. పసుపు రంగు, టీఎస్ రిజిస్ట్రేషన్, నేను రెండో ఓనర్‌ని. కొన్నప్పుడు మీటర్‌ మీద 14,200 కిలోమీటర్లు ఉంది. నేను 610 తిప్పాను. చెప్పాలనిపించినవి కొన్ని, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. పోస్టు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

1996లో మా బాబాయి ఆర్‌ఎక్స్ 100 మీద, విజయవాడ కృష్ణా కరకట్ట మీద నేర్చుకున్నాను. తర్వాత ఎనిమిదేళ్లు పల్సర్ 150, ఆ పైన పన్నెండేళ్లు థండర్‌బర్డ్ 350. శ్రీశైలం, హంపి, అరకు అన్నీ దాని మీదే తిరిగాను. బండి అంటే భయం లేదు. కానీ ఈ బండి ఎక్కిన రోజు నా ఎడమ చెయ్యీ, కుడి మణికట్టూ మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది.

చూడ్డానికి వెళ్లేముందు అమ్మే ఆయనకు ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అడిగాను. వెళ్లగానే ఇంజన్ మీద అరచెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. బటన్ నొక్కితే రెండో తిప్పుకే అందుకుంది. ఆ సెల్లార్‌లో ఆ శబ్దం ఎలా ఉందంటే, డప్పు మీద సిటికెన పుల్లా, వెంటనే చిర్రా పడ్డట్టు. రెండు దెబ్బలు దగ్గరగా, తర్వాత కాస్త ఖాళీ, మళ్లీ రెండు దెబ్బలు. రెండు సిలిండర్లు 90 డిగ్రీల కోణంలో ఉండటం వల్ల పేలుళ్లు సమానంగా రావని చదివి తెలుసు. చదవడం వేరు, అరికాళ్లకి తగలడం వేరు.

పెట్రోలుతో కలిపి 186 కిలోలు. బరువు దాదాపు నా థండర్‌బర్డ్ అంతే. దానికి 20 హార్స్‌పవర్, దీనికి 75. ఆదివారం తెల్లవారుజామున అనంతగిరి వెళ్లాను. మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల కింద మూడో గేర్‌లో థ్రాటిల్ కొంచెం తెరిస్తే చాలు, నడుం దగ్గర ఎవరో చెయ్యి వేసి ముందుకు తోసినట్టుంది. అంతకన్నా నాకు నచ్చింది ముందు బ్రేకు. డిస్క్ ఒక్కటే, 330 ఎంఎం. రెండు వేళ్లు చాలు. ఎంత నొక్కితే అంతే పడుతుంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఘాట్‌లో మలుపు ముందు బ్రేకు వదిలే ఆ క్షణం టైరు ఏం చేస్తోందో హ్యాండిల్‌లో తెలుస్తుంది. ఇన్నేళ్లలో ఇంత స్పష్టంగా నాకు ఎప్పుడూ తెలియలేదు.

వచ్చేటప్పుడు బంకులో ట్యాంకు మూత తెరుస్తుంటే దాని మీద 1962 అని చెక్కి ఉండటం చూశాను. మొదటి స్క్రాంబ్లర్ వచ్చిన ఏడాది అది. అప్పట్లో అమెరికా మార్కెట్ కోసం చేశారట. బంకు కుర్రాడు "సార్, ఇది బండి నంబరా?" అని అడిగితే అక్కడే నిలబడి రెండు నిమిషాలు కథ చెప్పాను.

ఇప్పుడు సందేహాలు. సిటీలో నాలుగో గేర్‌లో 40 మీద వెళ్తుంటే బండి కుదుపుతుంది, చైన్ టకటకా కొడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగాక న్యూట్రల్ ఓ పట్టాన పడదు. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పది నిమిషాలైతే కుడి తొడ కాలిపోతోంది. నాలుగో రోజే బ్యాటరీ చచ్చిపోయింది. పాత ఓనర్ నెలకోసారి కూడా తీసేవాడు కాదట, కాబట్టి అది అర్థమైంది, కొత్తది వేశాను. అసలు టెన్షన్ ఇంకొకటి. 12,000 కిలోమీటర్ల సర్వీసు చేయించానని ఆయన చెప్పాడు, కానీ బిల్లు లేదు. ఇంజన్ లోపల వాల్వుల్ని నడిపే రబ్బరు బెల్టులు మార్చారో లేదో తెలియదు. 24,000 కిలోమీటర్ల దాకా ఆగొచ్చా?

ఆటోనగర్_శీను (విజయవాడ)

అన్నా, మన కరకట్ట పేరు చూసి ఆగాను. 20 ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను, ఇప్పుడు ఎక్కువగా పెద్ద బండ్లే చేస్తున్నా. చివర అడిగింది ముందు చెప్తా: ఆగొద్దు.

ఈ బండికి బెల్టులు 24,000 కిలోమీటర్లు లేదా ఐదేళ్లు, ఏది ముందొస్తే అది. మీ బండి 2016ది. కిలోమీటర్లు తక్కువే, వయసు ఎక్కువైంది. బిల్లు చేతిలో లేకపోతే మార్చలేదనే లెక్క. పైగా నెలల తరబడి నిలబెట్టిన బండి. రబ్బరు బెల్టు పుల్లీ చుట్టూ ఒకే వంపులో ఉండిపోతే ఆ వంపు దగ్గరే బలహీనపడుతుంది. అది తెగితే వాల్వు తెరిచి ఉండగానే పిస్టన్ పైకొచ్చి కొడుతుంది. తర్వాత రిపేరు గురించి మాట్లాడటం కాదు, ఇంజన్ గురించి మాట్లాడాలి.

కుడివైపు రెండు నల్ల కవర్లు ఉంటాయి, వాటి వెనకే బెల్టులు. కవర్లు విప్పించి మీ కళ్లతో చూడండి. బెల్టు వీపు మీద, పళ్ల మొదళ్ల దగ్గర సన్నటి గీతలు కనిపిస్తే ఆ రోజు నుంచి బండి తీయకండి. కొత్తది వేశాక బిగుతు చేత్తో చూసి వదిలేసే వాళ్ల దగ్గర చేయించొద్దు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బెల్టును వేలితో మీటి ఆ శబ్దాన్ని కొలుస్తారు, తీగ శ్రుతి చేసినట్టే. మీరు పక్కనే నిలబడండి.

ఇక వాల్వులు. మామూలు ఇంజన్లో వాల్వును క్యామ్ అనే ఉబ్బులున్న తిరిగే కడ్డీ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. డుకాటి వాడే డెస్మో పద్ధతిలో తెరవడానికి ఒక రాకర్ (చిన్న మీట), మూయడానికి ఇంకో రాకర్. 1950ల్లో ఫాబియో టాలియోని అనే ఇంజనీరు దీన్ని డుకాటి రేసు బండ్లలో పెట్టాడు. అప్పటి స్ప్రింగులు ఆర్‌పీఎం బాగా పెరిగితే వాల్వును సమయానికి మూయలేకపోయేవి. అందుకని మూసే పని కూడా క్యామ్‌కే అప్పగించాడు. మనకు దాని అర్థం ఏంటంటే, ఒక్కో వాల్వుకి రెండు గ్యాప్‌లు చూడాలి. మీ బండికి నాలుగు వాల్వులు, ఎనిమిది గ్యాప్‌లు. షిమ్‌లు అనే సన్నటి బిళ్లలు మార్చి సెట్ చేయాలి, తొందరపడితే కుదరదు. ఉదయం ఇచ్చి మధ్యాహ్నం తీసుకెళ్లమన్నారంటే అనుమానించాలి. చూసిన ఎనిమిది కొలతలూ కాగితం మీద రాసిమ్మని అడగండి. రాసిచ్చేవాడే కొలిచినవాడు.

రోజూ_60కిమీ (కొండాపూర్)

బెల్టుల సంగతి శీను గారు చెప్పేశారు. మిగతావి నేను చెప్తా. నాదీ ఇదే బండి, ఆఫీసుకు రోజూ వాడతాను.

నాలుగో గేర్‌లో 40 ఈ ఇంజన్‌కి నప్పదు. థండర్‌బర్డ్ అలవాటు అది, టాప్ గేర్‌లో మెల్లగా గుడుగుడుమని వెళ్లిపోవచ్చు. ఇక్కడ 3,000 ఆర్‌పీఎం కిందికి రానివ్వకండి. సిటీలో రెండు, మూడు గేర్లే. మరీ మెల్లగా వెళ్లాల్సి వస్తే క్లచ్ కొంచెం పట్టి, వెనక బ్రేకు తేలిగ్గా నొక్కి ఉంచండి, కుదుపు పోతుంది. చైన్ కూడా ఒకసారి చూడండి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల ఎంత ఊగుతోందో కొలవండి. ఒకచోట బిగుతు, ఒకచోట వదులు అయితే చైన్ అయిపోయినట్టే.

న్యూట్రల్ ఆగాక వెతకొద్దు. చక్రం ఇంకా కదులుతుండగానే రెండో గేర్ నుంచి కాలివేలితో మెత్తగా తట్టండి, పడుతుంది. క్లచ్ కేబుల్ లూజు కూడా సరిచూసుకోండి. మన రెండు బండ్లకూ కేబులే, 2019 నుంచి వచ్చిన వాటికి హైడ్రాలిక్ ఇచ్చారు.

వేడికి మందు లేదండీ. గాలితో చల్లబడే ఇంజన్, వెనక సిలిండర్ సరిగ్గా సీటు కిందే ఉంటుంది. పెద్ద సిగ్నల్ అయితే ఆపేయండి. మే నెలలో నేను పొద్దున ఏడు లోపే బయల్దేరతాను.

ఇంకోటి, టైర్ల తేదీ చూశారా?

సూటిగా_అడుగుతా (వరంగల్)

తప్పుగా అనుకోకండి గారూ. ఈ డబ్బులో కొంత మిగుల్చుకుని కొత్త రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 తీసుకోవచ్చు కదా? అందులో 270 డిగ్రీల క్రాంకు, పేలుళ్లు అక్కడా సమానంగా రావు కాబట్టి మీరు చెప్పిన ఆ డప్పు దెబ్బ అక్కడా వినిపిస్తుంది. బెల్టు గొడవ లేదు, ఊరూరా సర్వీసు ఉంది. ఇంట్లో పిల్లల ఫీజులవీ ఉండే వయసులో ఇంత రిస్క్ ఎందుకని నిజంగానే అడుగుతున్నాను.

గుజ్జి_ఒహాయో (కొలంబస్)

నాది మోటో గుజ్జి వీ7, నాలుగేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. మాది ఖమ్మం. మీ పోస్టు చదువుతుంటే నా మొదటి నెల గుర్తొచ్చింది. ఇది నిలబడి ఉండగా థ్రాటిల్ తిప్పితే బండి మొత్తం కుడివైపు ఒరుగుతుంది. క్రాంకు పొడుగునా ఉంటుంది కాబట్టి అంతే. మొదటిసారి ఏదో విరిగిందనుకుని ఇంజన్ ఆపేశాను.

ఇటాలియన్ బండ్లన్నీ ఒకటే అని భయపెట్టే వాళ్ల మాట వినకండి. గుజ్జికి చైన్ లేదు, షాఫ్టు. వాల్వులు స్క్రూ, లాక్‌నట్ రకం. రెండు సిలిండర్లూ చెరోవైపు బయటికే ఉంటాయి కాబట్టి స్టూలు వేసుకుని గ్యారేజీలో నేనే సెట్ చేసుకుంటాను. గ్యాప్ ఇన్‌టేక్ వాల్వుకి 0.10 ఎంఎం, ఎగ్జాస్ట్‌కి 0.15 ఎంఎం. డిసెంబరులో మంచు మొదలయ్యాక మార్చి దాకా బండి బయటికి రాదు, ఆ నాలుగు నెలలూ బ్యాటరీ చార్జర్ మీదే. మీరు కూడా ఒక చిన్న మెయింటెనెన్స్ చార్జర్ కొనుక్కోండి. సెల్లార్‌లో ప్లగ్ పాయింటు లేకపోతే అసోసియేషన్ వాళ్లని అడిగి పెట్టించుకోండి.

కరకట్ట_రైడర్ (హైదరాబాద్)

అందరికీ థ్యాంక్స్. పది రోజులకు జవాబిస్తున్నాను, ఎందుకంటే ఈ పది రోజుల్లో చాలా భాగం బండి వర్క్‌షాప్‌లోనే ఉంది.

శీనూ, నువ్వు చెప్పినట్టే పక్కన నిలబడి కవర్లు విప్పించాను. పైకి చూస్తే బెల్టు బాగానే ఉంది. మెకానిక్ దాన్ని తీసి బొటనవేళ్లతో వెనక్కి వంచి లైటు కింద పెట్టాడు. పళ్ల మొదళ్లలో వెంట్రుక మందాన గీతలు, వరసగా ఆరేడు. ఆ ఆదివారం దీంతోనే అనంతగిరి ఘాట్ ఎక్కాను. కాసేపు నాకు మాట రాలేదు. రెండు బెల్టులూ మార్పించాను. వాల్వుల్లో రెండింటికి క్లోజింగు గ్యాప్ ఎక్కువైందని షిమ్‌లు మార్చారు. ఎనిమిది కొలతల కాగితం బండి ఫైల్లో పెట్టుకున్నాను. పాత బెల్టులు కూడా ఇంటికి తెచ్చుకున్నాను.

టైర్ల గురించి అడిగినందుకు కొండాపూర్ గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. పక్కన 3815 అని ఉంది, రెండింటి మీదా అదే. 2015లో 38వ వారం. అరుగు బాగానే ఉందని నేను పట్టించుకోలేదు, గోరుతో నొక్కితే చెక్కలా ఉంది. రెండూ మార్చాను. చైన్ అయితే మరీ వదులుగా ఉంది, సరిచేశాక కుదుపు సగం తగ్గింది. మిగతా సగం రెండో గేర్‌లో నడపడంతో పోయింది. న్యూట్రల్ చిట్కా పదిసార్లకి ఎనిమిదిసార్లు పని చేస్తోంది.

వరంగల్ గారూ, మీరు అడిగింది సబబే. మా ఆవిడ కూడా అదే అడిగింది. ఇంటర్‌సెప్టర్ రెండుసార్లు నడిపి చూశాను, చాలా మంచి బండి, ఎవరైనా అడిగితే అదే కొనమంటాను. కానీ పది నిమిషాల్లో అది నాకు అర్థమైపోయింది. 47 ఏళ్లొచ్చాక, ఒక బండి దగ్గర మళ్లీ ఏమీ తెలియనివాడిలా నిలబడి నేర్చుకోవాలనిపించింది. పిల్లల ఫీజుల డబ్బు ముట్టుకోలేదు. థండర్‌బర్డ్ అమ్మిన డబ్బూ, మూడేళ్లుగా ఇందుకోసమే వేసుకున్న ఆర్‌డీ కలిపి తీసుకున్నాను. ఆర్‌సీ మార్పుకు ఫారం 29, 30 ఇచ్చేశాను, ఇన్సూరెన్స్ కూడా నా పేరు మీదికి మారింది.

ఒక్క సందేహం మిగిలింది. దీనికి పెట్రోలు గేజీ లేదు కదా, ట్యాంకు 13.5 లీటర్లు. ట్రిప్ మీటరు సున్నా చేసి 200 దాటగానే బంకు వెతుకుతున్నాను. మీరు ఎంతదాకా వెళ్తున్నారు?

రోజూ_60కిమీ (కొండాపూర్)

నేను 190కే పోయించుకుంటాను. రిజర్వు లైటు వెలిగితే దాన్ని నమ్ముకుని అడవి రోడ్డు ఎక్కొద్దు. శ్రీశైలం వెళ్తే మన్ననూరు అటవీ చెక్‌పోస్టుకి ముందే ట్యాంకు నింపుకోండి.

ఈ ఆదివారం నేను అనంతగిరి వెళ్తున్నా. ఐదున్నరకి మొయినాబాద్ దాటాక మొదటి టీ కొట్టు దగ్గర ఉంటాను. నాది ఎరుపు. వస్తారా?

కరకట్ట_రైడర్ (హైదరాబాద్)

వస్తున్నాను. కొత్త టైర్లు, మొదటి వంద కిలోమీటర్లు మెల్లగానే వెళ్దాం.