'బసంతీ చోలా'కు తెలుగులో మాట ఏది?

కడప నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని:

అందరికీ నమస్తే. జనవరి 26కి మా కాలేజీలో 'రంగ్ దే బసంతీ' సినిమా గురించి తెలుగులో మాట్లాడాలి. అది 2006లో సరిగ్గా అదే తేదీన విడుదలైందట. సినిమా చూశాను, నోట్స్ రాసుకున్నాను, కానీ పేరు దగ్గరే ఆగిపోయాను. నెట్‌లో వెతికితే 'కాషాయ రంగు పూయి' అని వస్తోంది. మా తెలుగు మేడమ్ కాషాయం కాదు, పసుపు అన్నారు. రెండూ పలికి చూస్తే పేలవంగా ఉన్నాయి. ఆ పేరుకు మూలమైన 'మేరా రంగ్ దే బసంతీ చోలా' పాటలో ఉన్న బరువు తెలుగులో రావాలంటే ఏమనాలి?

ప్రొద్దుటూరు నుంచి:

అమ్మా, మీ మేడమ్ చెప్పిందే సరి. కాషాయానికి దగ్గరగా హిందీలో 'కేసరియా' అని వేరే మాట ఉంది. రాజపుత్రులు తిరిగిరాని యుద్ధానికి వెళ్తూ కట్టుకునేవాళ్లని చెప్పుకునే రంగు అది. పాటలో ఉన్నది బసంతీ. శ్రీపంచమి నాటికి పంజాబ్‌లో ఆవాల చేలు పూతకు వస్తాయి. ఆ పూల పసుపే బసంతీ. మనకు ఆ రోజు సరస్వతీ పూజ, పిల్లలకు అక్షరాభ్యాసం. వాళ్లకు అది వసంతం వచ్చిన రోజు.

అయితే తెలుగులో 'పసుపు' అనగానే గడప, తాళిబొట్టు, పేరంటం కళ్లముందు నిలుస్తాయి. ఉరికంబం నిలవదు. 'మేరా రంగ్ దే బసంతీ చోలా' అన్న పల్లవి సినిమా కంటే చాలా పాతది. 1925 ఆగస్టు 9న కాకోరీ దగ్గర రైలు ఆపి ప్రభుత్వ ఖజానా తీసుకున్న కేసులో జైల్లో ఉన్న రాంప్రసాద్ బిస్మిల్, ఆయన తోటివాళ్లు 1927 వసంత రుతువులో దీన్ని పాడుకున్నారని చెబుతారు. ఆ ఏడాది డిసెంబరులోనే బిస్మిల్, అష్ఫాఖుల్లా ఖాన్, రోషన్ సింగ్, రాజేంద్ర లాహిరీలను ఉరితీశారు. 1931 మార్చి 23న లాహోర్ జైల్లో భగత్ సింగ్, రాజ్‌గురు, సుఖ్‌దేవ్ కూడా దీన్నే పాడుతూ నడిచారని జనం నమ్ముతారు. ఇంత చరిత్ర మోసిన మాట పక్కన 'పసుపు రంగు' అని పెడితే పెయింట్ డబ్బా మీద రాసినట్టే ఉంటుంది.

అసలు మన భాషలో 'రంగు' అనే మాటే ఇక్కడ అడ్డం వస్తుంది. మనం ఆ మాట ఎక్కడెక్కడ వాడతామో చూడండి. అసలు రంగు బయటపడింది అంటాం. రంగులు మారుస్తున్నాడు అంటాం. గొడవకు రాజకీయ రంగు పులిమారని పేపర్లో చదువుతాం. తిక్క రేగితే 'రంగు పడుద్ది' అని బెదిరిస్తాం. మనిషికి, రంగుకు మన నుడికారం ముడిపెట్టిందంటే చాలాసార్లు ఏదో మోసం, పైపూత, లేకపోతే కొట్లాట. హిందీ, ఉర్దూ, పంజాబీల్లో అలా కాదు. అక్కడ భక్తుడు రంగులో తడుస్తాడు, గురువు శిష్యుడికి రంగు వేస్తాడు. ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో సూఫీ కవి అమీర్ ఖుస్రో కాలం నుంచి వస్తున్నదని చెప్పే ఆచారం ప్రకారం నేటికీ వసంత పంచమికి పసుపు బట్టలు కట్టుకుని, ఆవపూలు పట్టుకుని వెళ్తారు. 'రంగ్ దే' అని అడగటం వెనకాల ఆ వాసన ఉంది. (ఈ సినిమాకు సంగీతం ఇచ్చిన రెహమాన్ మన కడప పెద్ద దర్గాకు వచ్చిపోయే మనిషే. కడప పిల్లవి, నీ ప్రసంగంలో ఆ ముక్క తప్పకుండా చెప్పు.)

అందుకే తెలుగులో రంగు అనే మాట వదిలేద్దాం అంటున్నాను. దానికంటే మంచి మాట మన పెళ్లిళ్లలో, తేరు పండగల్లో ఉంది. వసంతం. రుతువు ఒక్కటే కాదు. పసుపు, సున్నం కలిపిన నీళ్లను మనం వసంతం అంటాం. నిఘంటువుల్లో కూడా ఈ అర్థం ఉంది. బ్రహ్మోత్సవాల చివర స్వామికి జరిగేది వసంతోత్సవం. పెళ్లిలో వసంతాలాడతారు. బసంత్, వసంత్ ఒకటే మాట కదా. వాళ్లు దాన్ని రంగు పేరు చేసుకున్నారు, మనం ఆ రంగు నీళ్లకే పేరు పెట్టుకున్నాం. ఇంత దగ్గరి చుట్టం ఇంట్లో ఉండగా 'కాషాయ రంగు పూయి' ఎందుకు?

కర్నూలు నుంచి:

సార్ చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. 'చోలా'ను చాలామంది చొక్కా అనుకుని వదిలేస్తారు. అది ఫకీర్లు వేసుకునే వదులైన పొడుగు అంగీ. ఇంకో అర్థం, దేహం. హిందీలో 'చోలా ఛోడ్‌నా' అంటే చనిపోవడం. కాబట్టి 'నా అంగీకి ఆ రంగు వెయ్యి' అంటే 'నా ఒంటికి వెయ్యి' అని కూడా. తెలుగు తత్వాల్లో ఒంటిని తోలుతిత్తి అంటారు కదా, దానికి దగ్గరే, కానీ తోలుతిత్తిలో ఒంటి మీద విసుగు ఉంది. చోలాలో ఆ విసుగు లేదు. ఇవ్వబోయే వస్తువు కాబట్టి అందంగా తయారుచేసి ఇస్తాననే మురిపెం ఉంది.

సినిమాలో అస్లం, పాండే ఇద్దరి కథా నాకు అందుకే ఇష్టం. మొదట ఒకరినొకరు చూసి ముఖం చిట్లించుకునేవాళ్లు. కథలో తీసే విప్లవకారుల సినిమాలో ఒకడికి అష్ఫాఖుల్లా వేషం, ఒకడికి బిస్మిల్ వేషం. వేషం అంగీయే కదా. వేసుకోగా వేసుకోగా అది ఒంటికి పట్టింది. 'చోలా'ను మీ తెలుగు పేరులోంచి తీసేయొద్దు.

మా ఊరి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కూడా తలుచుకోండి. 1907లో రాజమండ్రిలో బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాల తర్వాత విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వెళ్లారు. ఆ గొడవలో ఆయన్ని ట్రైనింగ్ కాలేజీ నుంచి తీసేశారు. మరుసటి ఏడాది పత్రికలో రాసిన రాతకు జైలు. చొక్కా మీద ఒక చిన్న గుర్తు కోసం చదువు పోగొట్టుకున్నారు. మన సీమ పిల్లలకు చోలా అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలీదు.

ధర్మవరం నుంచి:

అన్నా, 'పూయి' మాత్రం వద్దే వద్దు. గోడకు పూస్తారు. మా దగ్గర పట్టునూలు మగ్గం ఎక్కకముందే రంగు అద్దకానికి పోతుంది. ముందు ముడి పట్టును ఉడకబెట్టి జిగురు తీయాలి. ఆ జిగురు ఉన్నంతవరకు రంగు పట్టదు. తర్వాత వేడి రంగునీళ్లలో ముంచి తిప్పుతారు. 'రంగు పట్టింది', 'రంగు ఎక్కింది' అంటాం. బట్టకు రంగు వేయడం అంటే ముంచడమే. పాట పాడినవాడు అడిగింది కూడా అదే అనుకుంటా.

అనంతపురం నుంచి:

నాకు ఒక అభ్యంతరం ఉంది. వసంతం మాట బాగుంది. కానీ మా ఊళ్లో వసంతాలంటే బావామరదళ్ల సరసం. కడవతో నీళ్లు కుమ్మరించి పరిగెత్తడం, నవ్వులు. ఉరికి పోయేవాడి నోట ఆ మాట పెడితే పిల్లలు నవ్వరా?

ప్రొద్దుటూరు నుంచి:

మంచి ప్రశ్న అక్కా. దీని మీదే రాత్రంతా ఆలోచించాను. నాకు తోచింది చెబుతాను.

ఆ సరసం ఉన్నందుకే మాట సరిపోతుంది. సినిమా మొదటి సగంలో ఆ కుర్రాళ్లు చేసేదేమిటి? తాగడం, బండ్లు తోలడం, పాడుబడిన కోటల్లో ఈత కొట్టడం. దేశం గురించి ఎవరైనా మాట్లాడితే వెక్కిరింపు. లండన్ నుంచి వచ్చిన అమ్మాయి తన తాత డైరీ పట్టుకుని విప్లవకారుల మీద సినిమా తీస్తానంటే వేషాలు కట్టడానికి కూడా ఆటగానే ఒప్పుకున్నారు. తర్వాత మిగ్ విమానం కూలి స్నేహితుడు పోయాడు. తప్పు పైలట్‌దే అని మంత్రి అన్నాడు. ఇండియా గేట్ దగ్గర కొవ్వొత్తులు పట్టుకుని కూర్చుంటే లాఠీలు పడ్డాయి. ఆట ఎక్కడ ఆగి బాధ్యత ఎక్కడ మొదలైందో గీత గీసి చూపించలేం. వసంతం కూడా అలాంటిదే. పసుపు నీళ్లలో సున్నం పడగానే ఎర్రబడుతుంది. చేతిలో ఉన్నవి అవే నీళ్లు. అవే నీళ్లతో ఆడతాం, అలాంటి ఎర్రనీళ్లతోనే ప్రయాణమై వచ్చినవాడికి దిష్టి తీస్తాం. పంజాబీ గొంతుల్లో ఈ పాటలో 'మాయే' అని అమ్మను పిలుస్తారు. అమ్మా, వసంతం పొయ్యి అని అడిగే కొడుకు మన భాషలో వింతగా ఏమీ ఉండడు.

కర్నూలు తమ్ముడు 'చోలా' వదలొద్దన్నాడు. నేను ఇంకో చిన్న మాట కూడా వదలొద్దంటాను. 'మేరా'. పాటలో అడిగింది తన అంగీకి. ఎదుటివాడి అంగీకి కాదు. అందుకే సినిమా చివర మంత్రిని కాల్చడం నాకు మింగుడుపడదు. చరిత్రలో 1928 డిసెంబరు 17న పోలీసు అధికారి సాండర్స్‌ను కాల్చిన మాట నిజమే, సినిమా ఆ నీడలోనే నడిచింది. కానీ అదే భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ 1929 ఏప్రిల్ 8న ఢిల్లీ అసెంబ్లీలో మనుషులు లేని చోట చూసి బాంబు వేశారు. కరపత్రాలు చల్లి, పారిపోకుండా నిలబడి పట్టుబడ్డారు. చెవిటివాళ్లకు వినబడటానికి పెద్ద గొంతు కావాలని ఆ కరపత్రంలో ఉంది. సినిమాలో రేడియో స్టేషన్ సన్నివేశం దానికి బిడ్డ. తలుపులు మూసుకుని, చేసింది దాచకుండా దేశానికి చెప్పి, బయట తుపాకులు ఉన్నాయని తెలిసీ అక్కడే కూర్చోవడం. 'మేరా చోలా' అన్న మాటకు సరిపోయింది అదీ. అమ్మా, నువ్వు మాట్లాడే సమయం తక్కువైతే హత్య మీద తక్కువ, రేడియో మీద ఎక్కువ మాట్లాడు.

ఇక మాట. ధర్మవరం తమ్ముడి 'ముంచు' తీసుకుని ఇలా అనుకున్నాను: 'నా మేనంగీని వసంతంలో ముంచు'. చోలాలోని రెండు అర్థాలకూ మేను, అంగీ కలిపాను. 'రంగు' లేదు. పాడి చూస్తే నిలబడుతోంది.

కడప నుంచి, ప్రశ్న అడిగిన అమ్మాయి:

సార్, చాలా థ్యాంక్స్. మా అవ్వకు వినిపించాను. 'ముంచు' అంటే ఎవరినో ముంచినట్టు, మోసం చేసినట్టు ఉందే అంది. 'తడుపు' అంటే బాగుంటుందంట. 'నా మేనంగీని వసంతంలో తడుపు'. రెండూ రాసి పెట్టుకున్నాను, స్టేజీ మీద 'తడుపమ్మా' అని చెబుతాను.

ప్రొద్దుటూరు నుంచి:

అవ్వగారి మాటే ఖాయం. 'వాడు నన్ను ముంచాడు' అనేది నాకు తట్టనేలేదు. ఆదోని, ఆలూరు వైపు వాళ్లు, కదిరి వైపు వాళ్లు ఒకటి చెప్పండి. మీ దగ్గర పసుపు సున్నం నీళ్లను వసంతం అనే అంటారా, ఓకుళి అంటారా? కన్నడం పక్కనున్న ఊళ్లలో రెండో మాటే ఎక్కువగా విన్నాను. ఎక్కడెక్కడ ఏ మాట ఉందో కింద రాస్తే ఈ అమ్మాయి ప్రసంగానికి కూడా పనికొస్తుంది.