అప్‌డేట్: జింకల మేత డేటాను ఓపెన్‌గా పెట్టేశాను

అడవి జింకలు తినే మొక్కల పోషక విలువల డేటాను పరిశోధన పేపర్‌తో పాటే అందరికీ ఇచ్చేయాలా, దాచుకోవాలా అని అడిగాను కదా. పరిశోధన డేటాను అందరికీ అందుబాటులో ఉంచే వెబ్‌సైట్ జెనోడోలో పెట్టేశాను. డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) వచ్చింది కాబట్టి వాడుకున్నవాళ్లు మా పనిని ఉదహరించగలరు, ఆ టెన్షన్ తీరింది.

ఎక్కువ సమయం పట్టింది వివరాల ఫైల్‌కే. విలువలు పొడి పదార్థం (నీరు తీసేశాక మిగిలేది) మీదా, పచ్చి బరువు మీదా అన్నది రాయకపోతే ఆ అంకెలు ఎవరికీ పనికిరావు. ముడి ప్రోటీన్‌తో (నత్రజనిని బట్టి లెక్కగట్టే ప్రోటీన్ అంచనా) పాటు నత్రజని శాతం కూడా ఇచ్చాను. మామూలుగా చేసినట్టు నత్రజనిని 6.25తో గుణిస్తే అడవి మొక్కల్లో ప్రోటీన్ తరచూ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అసలు నత్రజని విలువ చేతిలో ఉంటే ఎవరికి తగిన గుణకం వాళ్లు వాడుకోవచ్చు.

జీపీఎస్ స్థానాలను మాత్రం కావాలనే స్థూలంగా ఇచ్చాను. వేట భయమున్న జాతి, ఇందులో రాజీపడను. లైసెన్స్ సీసీ బై, అంటే మా పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు.