రాయి ఆపరేషన్ తర్వాత రక్తం పోయి కాయిల్ పెట్టారు, కిడ్నీ పని చేస్తుందా?

చీమకుర్తి చిన్నోడు:
అందరికీ నమస్కారం. నాన్నకి 58 ఏళ్లు, ముప్పై ఏళ్లు క్వారీలో ఎండలో పనిచేసిన మనిషి. ఎడమ కిడ్నీలో 22 మిల్లీమీటర్ల రాయి ఉంటే ఒంగోలులో పీసీఎన్ఎల్ చేశారు, అదే, నడుం వెనక చిన్న రంధ్రం పెట్టి రాయి పగలగొట్టి తీసే ఆపరేషన్. నాలుగో రోజు ఇంటికి వచ్చేశాం. తొమ్మిదో రోజు పొద్దున ఒంటేలు ఎర్రగా, గడ్డలు గడ్డలుగా పడింది. ఆయన దొడ్లోనే కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. 12 ఉన్న హిమోగ్లోబిన్ 7.8కి దిగింది. మూడు బాటిళ్లు రక్తం ఎక్కించి, గజ్జలోంచి వైరు పంపి, రక్తం కారే చోట కాయిల్స్ అని సన్న తీగ చుట్టలు పెట్టి రక్తం ఆపారు. ఇప్పటికి నెలయింది. కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష ఉంది కదా, క్రియాటినిన్, అది ముందు 1.0 ఉండేది, ఇప్పుడు 1.3కి పెరిగింది. మా బాబాయి ఏమో "నరం మూసేశాక ఇంకేం కిడ్నీరా, అది పోయినట్టే" అంటున్నాడు. నాన్న ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగా తినడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

పొదలకూరు నిమ్మతోట:
అబ్బాయ్, నాకు జరిగింది, రెండేళ్లయింది. మీ బాబాయి అన్నట్టు నరం మొత్తం మూయరు. రంధ్రం పెట్టేటప్పుడు లోపలి ధమని కొమ్మకి గీత పడితే, అక్కడ బుడగలా ఉబ్బి కొన్ని రోజులకి పగులుతుంది. మీ నాన్నకి తొమ్మిదో రోజు రావడం అందుకే. నాకు పదకొండో రోజు. వాళ్లు వైరుని ఆ చివరి కొమ్మ దాకా తోసుకుపోయి అక్కడే మూస్తారు.

తోట భాషలో చెప్తా. డ్రిప్పులో ఒక సన్న పైపు పగిలిందనుకో, మెయిన్ లైన్ కట్టేస్తే తోటంతా ఎండుతుంది. ఆ ఒక్క పైపుకి బిరడా కొడితే దాని కింది నాలుగు చెట్లే పోతాయి. కిడ్నీలోనూ అంతే. ఒక కొమ్మ రక్తం ఇంకో కొమ్మకి అందదు కాబట్టి ఆ చిన్న ముక్క ఎండే మాట నిజం. మిగతాది ఉంటుంది. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే డీటీపీఏ స్కాన్‌లో, ఆపరేషన్‌కి ముందు నా కుడి కిడ్నీ (రాయి తీసింది దానికే) వాటా 48 శాతం. కాయిల్ పెట్టిన ఆరు నెలలకి 43. తోట నేనే చూసుకుంటున్నా.

కావలి కోడలు:
మా మామగారి విషయం చెప్తాను, ఇది భయపెట్టడానికి కాదు. కాయిల్ పెడితే కిడ్నీ చచ్చిపోతుందని ఎవరో చెప్తే మేమే రెండు రోజులు సంతకం పెట్టలేదు. ఆ రెండు రోజులూ రక్తం పోతూనే ఉంది. గడ్డలు అడ్డుపడి ఒంటేలు ఆగిపోయింది, లావు ట్యూబు వేసి కడుగుతూ కూర్చున్నారు. బీపీ బాగా పడిపోయింది. క్రియాటినిన్ 2.6 దాకా పోయి, చివరికి కాయిల్ పెట్టాక నెల రోజులకి 1.6 దగ్గర ఆగింది. కాయిల్ వల్ల పోయింది తక్కువ, మా ఆలస్యం వల్ల పోయిందే ఎక్కువ అని చెన్నైలో డాక్టరు మొహం మీదే అన్నారు. మీరు వెంటనే ఒప్పుకున్నారు, మంచి పని చేశారు.

పల్లె వైద్యం:
కొండపిండి ఆకు కషాయం తాగించండి తమ్ముడూ. రాళ్లు రావు, కిడ్నీ బాగవుతుంది. మా తాతల కాలం నుంచీ ఉన్నదే.

ల్యాబ్ చెల్లి:
అన్నా, మా ఇంట్లో కూడా కొండపిండి పప్పు వండుకుంటాం, కూరకి నేనేమీ అనను. కానీ నెల కిందట రక్తం పోయిన మనిషికి డాక్టరుకి చెప్పకుండా ఏ కషాయమూ వద్దు.

చీమకుర్తి అన్నకి: ఒక్క క్రియాటినిన్ చూసుకుని దిగులూ పడొద్దు, ధీమాగానూ ఉండొద్దు. అది రెండు కిడ్నీల ఉమ్మడి లెక్క. ఒకటి మందగించినా రెండోది బాగుంటే అంకె మామూలుగానే వస్తుంది. ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో తెలియాలంటే డీటీపీఏ, మచ్చ ఎంత పడిందో చూడాలంటే డీఎంఎస్ఏ స్కాన్. ఇప్పుడే పరిగెత్తకండి. రక్తం పోవడం, బీపీ పడటం, కాయిల్ పెట్టేటప్పుడు రక్తనాళాలు కనబడటానికి ఎక్కించిన రంగు మందు, అన్నీ కలిసి కొన్నాళ్లు అంకెని పెంచుతాయి. మూడు నెలలు ఆగితే అసలు సంగతి బయటపడుతుంది. ఈలోగా మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించండి, బీపీ చూపించుకోండి. ముందు నుంచీ షుగర్ ఉందా ఆయనకి? అది ముఖ్యం.

చీమకుర్తి చిన్నోడు:
షుగర్ లేదు చెల్లీ. బీపీ మాత్ర ఒకటి వేసుకుంటాడు. నడుం నొప్పికి మెడికల్ షాపులో మాత్ర తెచ్చుకుని వేసుకుంటున్నాడు, డైక్లోఫెనాక్.

ల్యాబ్ చెల్లి:
అదే! ఆ మాత్ర ఇవాళే ఆపించండి. కిడ్నీకి రక్తం తగ్గించేది అదే. డాక్టరుకి ఫోన్ చేసి అడగండి, మామూలుగా పారాసెటమాలే చెప్తారు.

పొదలకూరు నిమ్మతోట:
నాకూ ఆ మాత్ర వద్దని డిశ్చార్జి కాగితం మీదే రాశారు. మీ కాగితం ఒకసారి తీసి చూడు. ఇంకోటి, మళ్లీ ఒంటేలు ఎర్రబడితే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా బయల్దేరండి. బరువులు నేను రెండు నెలలు ఎత్తలేదు. నీళ్లు మాత్రం ఒంటేలు తెల్లగా పోయేంత తాగాలి, క్వారీకి మళ్లీ పోతే ఇంకా ఎక్కువ.

చీమకుర్తి చిన్నోడు:
కాగితంలో ఉంది. ఇంగ్లీషులో, కింది వరసలో. మాత్ర ఆపించి పది రోజులయ్యాక పరీక్ష చేయిస్తే 1.1 వచ్చింది. అల్బుమిన్ లేదు. మూడు నెలలకి నెల్లూరులో డీటీపీఏకి రమ్మన్నారు, వాటా ఎంత వచ్చిందో ఇక్కడే పెడతా.

మీరందరూ రాసింది నాన్నకి చదివి వినిపించాను. డ్రిప్పు మాట బాగా పట్టింది ఆయనకి, నిన్న బాబాయికి ఆయనే చెప్పాడు. లోపల పెట్టిన కాయిల్స్ ప్లాటినంవి అని డాక్టరు అన్నారు. అప్పటి నుంచి తులం ఎంత ఉంటుందిరా అని అడుగుతున్నాడు.